తరచూ పడిపోయే చిన్నపిల్లలు: కాళ్లు చూసే ముందు చెవి చూస్తున్నామా?

రాజమండ్రి_ఫిజియో (చర్చ మొదలుపెట్టినవారు)

రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్ని "ఊరికే పడిపోతున్నాడు", "నడుస్తూ నడుస్తూ తూలుతోంది" అని ఫిజియో దగ్గరికి పంపేటప్పుడు ఫైల్లో సాధారణంగా ఉండేవి విటమిన్ డి రిపోర్టు, కాళ్ల ఎక్స్‌రే, క్యాల్షియం సిరప్పు చీటీ. చెవి చూసినట్టు ఎక్కడా ఉండదు. ఉన్నా "నొప్పి లేదు, చీము లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు.

మధ్య చెవిలో నీరు నిలిచినప్పుడు, అంటే గ్లూ ఇయర్‌లో, నొప్పి లేకపోవడమే మామూలు. జ్వరం ఉండదు. పిల్లాడు చెవి పట్టుకుని ఏడవడు. వినికిడి కాస్త తగ్గితే ఇంట్లో మొండితనం అనుకుంటారు, బ్యాలెన్స్ కాస్త తగ్గితే దూకుడు అనుకుంటారు. ఈ రెండో దాని గురించి తెలుగులో ఒకచోట సరైన సమాచారం ఉండాలని ఈ చర్చ పెట్టాను. ఈఎన్‌టీ, ఆడియాలజీ, పీడియాట్రిక్స్ వాళ్లు తలా ఒక చెయ్యి వేయండి. అనుభవ కథలు వద్దు, రేపు పొద్దున పనికొచ్చే వివరాలు కావాలి.

---

చెవిగూడు (ఈఎన్‌టీ)

బ్యాలెన్స్ అవయవం ఉండేది లోపలి చెవిలో, నీరు నిలిచేది మధ్య చెవిలో. మధ్యలో ఎముక గోడ ఉంది కదా, దీనికీ దానికీ ఏం సంబంధం అని డాక్టర్లే అడుగుతుంటారు. గోడ నిజమే, కానీ దానికి రెండు కిటికీలున్నాయి. అండాకార కిటికీలో కర్ణాంతరాస్థి పాదం కూర్చుని ఉంటుంది. గుండ్రటి కిటికీకి పలచటి పొర ఒక్కటే అడ్డం.

మధ్య చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే యూస్టేషియన్ నాళం మూసుకుపోతే మధ్య చెవిలోని గాలిని చుట్టూ ఉన్న పొర పీల్చేసుకుంటుంది. లోపల పీడనం బయటికంటే తగ్గుతుంది, కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది, ఎముకల గొలుసు దాంతోపాటే కదులుతుంది. ఆ ఒత్తిడి మార్పు రెండు కిటికీల గుండా లోపలి చెవి ద్రవానికి చేరుతుంది. ఇది ఒక దారి. రెండో దారి రసాయనికం: ఇన్ఫెక్షన్‌లో పుట్టిన విషపదార్థాలు, వాపు పుట్టించే పదార్థాలు గుండ్రటి కిటికీ పొరలోంచి మెల్లగా ఇంకి లోపలి ద్రవాన్ని చెడగొడతాయి. దాన్నే సీరస్ లాబిరింథైటిస్ అంటాం. సూక్ష్మజీవి లోపలికి పోదు, దాని మురుగు పోతుంది.

చిన్నపిల్లల్లోనే ఇది ఎందుకు ఎక్కువంటే, పెద్దల్లో ఈ నాళం సుమారు 35 మి.మీ. పొడవు, 45 డిగ్రీల వాలు. పసిపిల్లల్లో దాదాపు సగం పొడవు, 10 డిగ్రీల వాలు, అంటే అడ్డంగా పడుకున్నట్టే. పైగా ముక్కు వెనక, నాళం మూతి దగ్గరే అడినాయిడ్ అనే కండ. ఏడేళ్లకు నాళం దాదాపు పెద్దల తీరుకొస్తుంది, చాలామందిలో సమస్యా అప్పటికి తగ్గిపోతుంది.

ఇంకో మాట. నీరు నిలిచిన పిల్లల్లో గిర్రున తిరిగే కళ్లతిరుగుడు తక్కువ. ఉండేది నిలకడ లేకపోవడం, తూలడం. "కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగి, "లేదు" అంటే చెవిని పక్కన పెట్టేయకూడదు. అసలు మూడేళ్ల పిల్లకి ఆ ప్రశ్నే అర్థం కాదు.

---

తొక్కుడుబిళ్ల (పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్ట్)

చెవిగూడు గారికి ఒక చేర్పు. మన నిలకడ మూడు చోట్ల నుంచి వచ్చే కబురు మీద నడుస్తుంది: కళ్లు, పాదాలు కీళ్లు, లోపలి చెవి. చిన్నపిల్లలు ఇందులో కళ్ల మీదే ఎక్కువ ఆధారపడతారు. చెవి కబురు చెడితే కళ్లతో ఇంకా గట్టిగా సర్దుకుంటారు. పిట్స్‌బర్గ్‌లో 1990ల్లో చేసిన పరీక్షల్లో ఎదురుగా కనిపించే దృశ్యాన్ని కదిలించి చూశారు. చెవిలో నీరున్న పిల్లలు మిగతావాళ్లకంటే ఎక్కువ ఊగారు.

అందుకే పట్టపగలు, చదును నేల మీద, డాక్టరు గదిలో నడిపించి చూస్తే అంతా బాగానే ఉంటుంది. కళ్లకు పని లేకుండా చేసినప్పుడు, పాదం కింద గట్టి నేల లేనప్పుడు బయటపడుతుంది. ఇంట్లో అడగాల్సినవి ఇవి:

- తలంటు పోసేటప్పుడు, సబ్బు నురగకి కళ్లు మూసుకున్న క్షణంలో బకెట్టునో, గోడనో, అమ్మ చీరనో గబుక్కున పట్టుకుంటున్నాడా?
- చొక్కా తలమీదుగా లాగుతుంటే, ముఖం కప్పుకుపోయిన ఆ రెండు సెకన్లలో పక్కకి ఒరిగిపోతోందా?
- కరెంటు పోతే కదలకుండా అక్కడే కూలబడిపోతున్నాడా?
- పరుపు మీద, ఇసుకలో, దుక్కి దున్నిన చేలో నడక మరీ చెడుతోందా?
- మెట్లు దిగడం ఒకప్పుడు వచ్చి, ఇప్పుడు మళ్లీ కూర్చుని జారుతోందా?

చివరిది చాలా ముఖ్యం. ఆలస్యంగా నేర్చుకోవడం ఒకటి, వచ్చింది పోవడం ఇంకొకటి. జలుబు చేసిన వారాల్లో ఎక్కువై, ఆ తర్వాత సర్దుకుని, మళ్లీ జలుబుతో వస్తుంటే వేలు చెవి వైపే చూపించాలి.

---

పిల్లలడాక్టరు_గుంటూరు

ఇంత ఉత్సాహంలోనూ ఒక బ్రేకు వేయాలి. తూలే పిల్లలందరికీ చెవి కారణం కాదు. పైగా చెవిలో నీరు చిన్నపిల్లల్లో ఎంత మామూలంటే, బడిలో చేరే వయసుకి పదిమందిలో తొమ్మిదిమందికి ఒక్కసారైనా వచ్చి పోతుంది. కాబట్టి తూలే పిల్లాడి చెవిలో నీరు కనిపించగానే "దొరికింది" అనుకుంటే, వెనక దాగింది మిస్సవుతాం.

కింది వాటిలో ఒక్కటున్నా గ్లూ ఇయర్ లెక్క పక్కనపెట్టి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి:

పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, రోజురోజుకీ పెరిగే తూలుడు. ఇది చిన్నమెదడు దగ్గర గడ్డ కావచ్చు, స్కాన్ ఆలస్యం కాకూడదు. చికెన్‌పాక్స్ లేదా ఏదో వైరల్ జ్వరం తర్వాత వారం రెండు వారాల్లో ఉన్నట్టుండి తాగినవాడిలా నడక: అక్యూట్ సెరిబెల్లర్ అటాక్సియా, అంటే చిన్నమెదడు ఉన్నట్టుండి దెబ్బతిని వచ్చే తూలుడు. జ్వరంతో చెవి వెనక ఎర్రగా వాచి, చెవి దొప్ప ముందుకు తోసుకొస్తే మాస్టాయిడైటిస్, అంటే చెవి వెనక ఎముకకి ఇన్ఫెక్షన్. చెవి ఇన్ఫెక్షన్‌తోపాటు మూతి ఒకపక్కకి పోవడం, కనుగుడ్లు ఆగకుండా కొట్టుకోవడం, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం. వీటిలో ఏదీ "రేపు చూద్దాం" జాబితా కాదు. ఇంట్లో ఫిట్స్ మందో, నిద్ర మందో ఉంటే పిల్లాడు మింగాడేమో కూడా అడగాలి. అడగరు, అందుకే చెబుతున్నా.

ఇక ఉన్నట్టుండి భయంతో ఏడుస్తూ పట్టుకుని, కొన్ని నిమిషాల్లో ఏమీ జరగనట్టు ఆడుకునే రెండు మూడేళ్ల పిల్లలుంటారు. అది చెవి నీరు కాదు, చాలావరకు మైగ్రేన్ కుటుంబానికి చెందిన పసివాళ్ల వెర్టిగో. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో పార్శ్వపు నొప్పి ఉందేమో అడిగితే సగం తేలిపోతుంది.

---

ఆడియో_సికింద్రాబాద్

పరీక్షల సంగతి నేను రాస్తాను. టార్చి వేసి చూసి "చెవి క్లియర్" అనడం పరీక్ష కాదు. నీరు నిలిచిన కర్ణభేరి ఎర్రగా ఉండదు, కొన్నిసార్లు చూపుకి దాదాపు మామూలుగానే ఉంటుంది. కదలికే అసలు ఆనవాలు. గాలి బుడ్డి ఉన్న ఓటోస్కోపుతో మెల్లగా గాలి వదిలితే పొర కదలాలి. అది చేయలేకపోతే టింపనోమెట్రీ, అంటే చెవిలో గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదలికని గీతగా చూపే పరీక్ష. ఒక్కో చెవికి నిమిషం కూడా పట్టదు, పిల్లాడు కదలకుండా ఉంటే.

రిపోర్టులో ఏ, బి, సి అని అక్షరం చూసి పక్కన పెట్టేయకండి. బి, అంటే శిఖరం లేని చదును గీత, వచ్చినప్పుడు పక్కనే ఉన్న చెవి కాలువ ఘనపరిమాణం అంకె చూడాలి. చిన్నపిల్లల్లో అది సుమారు 0.3 నుంచి 1 మి.లీ. మధ్య ఉంటుంది. అంకె ఆ మధ్యలో ఉండి గీత చదునుగా ఉంటే నీరు. 1 మి.లీ. దాటేసి చదునుగా ఉంటే కర్ణభేరికి రంధ్రం ఉంది, లేదా గ్రోమెట్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) తెరుచుకునే ఉంది. మరీ తక్కువుంటే గులిమి అడ్డం, లేదా ప్రోబ్ మూతి చెవి గోడకి ఆనుకుంది. అప్పుడు ప్రోబ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాలి. గ్లూ ఇయర్ అని రాసిచ్చిన బి గీతల్లో కొన్ని ఉత్త గులిమి.

ఆరు నెలల్లోపు పసివాళ్లకి మామూలు 226 హెర్ట్జ్ ప్రోబ్ పనికిరాదు. వాళ్ల చెవి కాలువ మెత్తగా ఉండి గోడే కదులుతుంది, నీరున్నా మంచి శిఖరం చూపిస్తుంది. 1000 హెర్ట్జ్‌తో చేయాలి. ఏ ప్రోబ్ వాడారో రిపోర్టు మీద లేకపోతే అడగండి.

వినికిడి కూడా అదే రోజు కొలవాలి. రెండున్నర, మూడేళ్లు దాటితే ఆట పద్ధతిలో ఆడియోమెట్రీ, అంతకు చిన్నవాళ్లకి తల తిప్పించే పద్ధతి, అదీ కుదరకపోతే బెరా, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు ఇచ్చే స్పందన కొలిచే పరీక్ష. గ్లూ ఇయర్‌లో సగటు నష్టం 25 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. 50 వచ్చిందంటే నీరు ఒక్కటే కాదు, లోపలి చెవిని కూడా అనుమానించాలి.

---

అంగన్‌వాడీ_సూపర్‌వైజర్

అందరికీ నమస్కారం. మా దగ్గర మెషిన్లు ఉండవు. టీచర్లకి ఏ రెండు మూడు పనులు నేర్పితే అనుమానం పట్టగలరో చెప్పండి మేడమ్. మరీ వైద్యం కాకుండా.

---

తొక్కుడుబిళ్ల

మీ ఆవరణలోనే ఉంది మేడమ్ పరీక్ష.

ఒంటికాలి మీద నిలబడటం: చెప్పుల్లేకుండా, చేతులు నడుం మీద, కళ్లు తెరిచి. పైకెత్తిన పాదం నేలకి తగిలినా, చేతులు నడుం వదిలినా గడియారం ఆపాలి. మూడుసార్లు చేయించి మంచిది రాసుకోవాలి. మూడేళ్లకి రెండు మూడు సెకన్లు, నాలుగేళ్లకి ఐదు సెకన్ల వరకు, ఐదేళ్లకి ఎనిమిది నుంచి పది. అంకె ఒక్కటి తగ్గిందని కంగారుపడొద్దు. తోటిపిల్లలందరూ చేస్తుంటే ఒకరు నిలబడలేకపోతే గమనించాలి. కుడి ఎడమలకి బాగా తేడా ఉంటే అది కూడా రాయండి.

స్పాంజి మీద నిలబడటం: పది సెంటీమీటర్ల మందం ఉన్న సోఫా స్పాంజి, మరీ మెత్తనిది కాకూడదు. ముందు గట్టి నేల మీద కళ్లు తెరిచి, తర్వాత మూసి, ఆపైన స్పాంజి మీద తెరిచి, చివర స్పాంజి మీద మూసి. మొదటి మూడూ బాగా చేసి నాలుగోదాంట్లో కూలిపోతే లోపలి చెవి వైపు అనుమానం. నాలుగేళ్లలోపు వాళ్లు కళ్లు మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు, వాళ్ల దగ్గర ఈ ఫలితం నమ్మకండి. పక్కన ఒక మనిషి చేతులు చాచి నిలబడాలి, పట్టుకోకూడదు.

తొక్కుడుబిళ్ల ఆటలో గడి గీత తొక్కకుండా కుంటగలుగుతున్నారా చూడండి, ఐదేళ్ల పిల్లలకి సరిపోతుంది. ఒప్పులకుప్ప తిప్పి పరీక్షించకండి. గిరగిరా తిరిగాక ఎవరైనా తూలుతారు, దాంతో ఏమీ తేలదు.

---

పిల్లలడాక్టరు_గుంటూరు

సూపర్‌వైజర్ గారికి: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొబైల్ టీమ్ అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో చెవి ఇన్ఫెక్షను, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. "పడిపోతోంది" అని మాత్రమే రాస్తే కాళ్ల వైపు పంపుతారు. "ఒంటికాలి మీద ఇన్ని సెకన్లు, పిలిస్తే పలకడం తగ్గింది, ఇన్ని నెలలుగా జలుబు, నోటితో ఊపిరి, గురక" అని రాసిస్తే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లో వినికిడి పరీక్షకి పంపుతారు.

---

మందులషాపు_ఖమ్మం (ఫార్మసిస్ట్)

తూలుతున్నాడంటే పెద్దలకి రాసిన స్టెమెటిల్ సగం మాత్ర వేసేస్తామని అడిగేవాళ్లున్నారు. చెవిలో నీరంటే లెవోసెట్రిజిన్, మాంటెలూకాస్ట్ సిరప్పు నెలల తరబడి రీఫిల్. చీము కారితే జెంటామైసిన్ చుక్కలు. ఈ మూడింటి మీద డాక్టర్లు స్పష్టంగా రాస్తే ప్రింటు తీసి కౌంటరు దగ్గర అంటిస్తా.

---

చెవిగూడు

అంటించండి.

స్టెమెటిల్, అంటే ప్రోక్లోర్‌పెరజీన్, చిన్నపిల్లల్లో డిస్టోనియా తెస్తుంది: మెడ ఒకపక్కకి మెలితిరిగిపోతుంది, కనుగుడ్లు పైకి పోతాయి, ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనుకుని హడలిపోతారు. పైగా ఇలాంటి మందులు మెదడు కొత్త లెక్కకి అలవాటుపడటాన్ని ఆలస్యం చేస్తాయి. గ్లూ ఇయర్ తూలుడికి వీటితో పని లేదు.

గ్లూ ఇయర్ నీటిని లెవోసెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్లు, ముక్కు దిబ్బడ మందులు, స్టెరాయిడ్లు తీసేయలేవు. అలర్జీ జలుబు విడిగా ఉంటే దానికి వైద్యం వేరే సంగతి. మాంటెలూకాస్ట్ మీద ప్రవర్తన, నిద్ర, మానసిక మార్పుల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో తీవ్ర హెచ్చరిక పెట్టించింది. ఏ ప్రయోజనమూ లేని చోట ఆ రిస్కు ఎందుకు?

జెంటామైసిన్ సంగతి కాస్త వివరంగా. ఈ మందు వినికిడి కంటే బ్యాలెన్స్ కణాలనే ఎక్కువ దెబ్బతీస్తుంది. ఎంతగా అంటే, పెద్దల్లో మందులకి లొంగని మెనియర్స్ జబ్బులో (మళ్లీమళ్లీ కళ్లు తిరిగే లోపలి చెవి జబ్బు) ఒక చెవి బ్యాలెన్స్ అవయవాన్ని కావాలనే అణచడానికి దీన్నే మధ్య చెవిలోకి ఇంజెక్ట్ చేస్తాం. అలాంటి మందుని కర్ణభేరికి చిల్లి ఉన్న పిల్ల చెవిలో రోజుల తరబడి పోస్తే ఏం ప్రమాదమో ఆలోచించండి. నియోమైసిన్, టోబ్రామైసిన్, ఫ్రామైసెటిన్ కూడా అదే కుటుంబం. చీము కారే చెవికి సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఓఫ్లాక్సాసిన్ చుక్కలు. స్పిరిట్, వెల్లుల్లి కాచిన నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దే వద్దు.

చుక్కలు వేసే తీరు కూడా బ్యాలెన్స్‌కి సంబంధించిందే. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చుక్క నేరుగా వేస్తే కాసేపు లోకం గిర్రున తిరుగుతుంది, వాంతి కూడా అవుతుంది. సీసాని గుప్పిట్లో ఒకటి రెండు నిమిషాలు పట్టుకుని ఒంటి వెచ్చదనానికి తేవాలి. ముందు చీము ఆరబెట్టాలి: పలచటి నూలుగుడ్డనో, గట్టి టిష్యూ కాగితాన్నో వత్తిలా మెలితిప్పి చెవిలో ఉంచి, తడిశాక తీసి, కొత్తది పెట్టాలి, పొడిగా వచ్చేదాకా. పుల్లకి చుట్టిన దూది వద్దు. తర్వాత పక్కకి పడుకోబెట్టి, మూడేళ్లలోపైతే చెవి దొప్పని కిందికీ వెనక్కీ, పైబడితే పైకీ వెనక్కీ లాగి చుక్కలు వేసి, చెవి ముందున్న చిన్న మృదులాస్థిని నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. ఆ నొక్కుడుతోనే మందు చిల్లి దాటి లోపలికి పోతుంది. దాన్ని మానేసి "చుక్కలు పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

అలా నొక్కినప్పుడు పిల్లాడు అదిరిపడి పక్కకి ఒరిగినా, కనుగుడ్లు కొట్టుకున్నా ఆపేసి మా దగ్గరికి పంపండి. దుర్వాసన చీముతో అలా జరిగితే కొలెస్టియటోమా (మధ్య చెవిలో పెరిగి ఎముకని తినే చర్మపు ముద్ద) లోపలి చెవిలోని బ్యాలెన్స్ గొట్టం, అర్ధవర్తుల కుల్య గోడని తినేసి ఉండొచ్చు. అది ఆపరేషన్ కేసు.

---

డాలస్_ఆడియో

ఎంతకాలం ఆగాలి అన్నది ఇంకా ఎవరూ రాయలేదు. చెవి ఇన్ఫెక్షన్ తగ్గాక నీరు మిగలడం సహజం. నెల తర్వాత కూడా నూటికి నలభై మందిలో ఉంటుంది, మూడు నెలలకి పది మందికి దిగుతుంది. కాబట్టి బాధేమీ లేకపోతే మూడు నెలలు ఆగి, మళ్లీ టింపనోమెట్రీ, వినికిడి పరీక్ష. కానీ మూడు నెలలు దాటి రెండు చెవుల్లోనూ నిలిచిపోయిన నీరు తనంతట తను పోయే అవకాశం బాగా తక్కువ.

అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2013లో గ్రోమెట్ల మీద మార్గదర్శకాలు ఇచ్చి 2022లో సవరించింది. మూడు నెలలకి మించి రెండు చెవుల్లో నీరు, కొలిచి చూపిన వినికిడి లోపం ఉంటే గ్రోమెట్ సూచించాలి అని ఉంది. ఇక ఈ చర్చకి పనికొచ్చే ముక్క: మూడు నెలలకి మించి ఒక్క చెవిలోనైనా సరే నీరు ఉండి, దానివల్లే వచ్చిందని తోచే ఇతర లక్షణాలుంటే గ్రోమెట్ పెట్టొచ్చు. ఆ లక్షణాల పట్టికలో మొదటే బ్యాలెన్స్ సమస్యలున్నాయి. "పెట్టొచ్చు" అన్నారు, "పెట్టాలి" అనలేదు.

---

రాజమండ్రి_ఫిజియో

ఆ "పెట్టొచ్చు" దగ్గరే నాకు పేచీ. బ్యాలెన్స్ ఒక్కదాని కోసం మత్తుమందిచ్చి గ్రోమెట్ పెట్టమని ఫిజియోలు ఒత్తిడి చేస్తున్న సందర్భాలున్నాయి. ముందు పిల్లల కదలికల్ని కొలిచే పీబాడీ స్కేలో, నాలుగేళ్లు దాటితే బ్రూనింక్స్ ఓసెరెట్స్కీ పరీక్షో చేసి అంకెలు చేతిలో పెట్టుకోవాలి కదా? అంకె లేకుండా ఆపరేషన్ చేస్తే తర్వాత మెరుగైందో లేదో ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ తర్వాతి ఆర్నెల్లలో పిల్లాడు ఎలాగూ ఎదుగుతాడు.

---

చెవిగూడు

ఒప్పుకుంటాను, సగం. అంకెలు తప్పకుండా ఉండాలి. కానీ అంకెలు రాలేదని ఇంకో ఆర్నెల్లు జరపకండి. గ్రోమెట్ తర్వాత బ్యాలెన్స్ పరీక్షల్లో మెరుగు కనిపించిందని ఒకటికి మించి అధ్యయనాలున్నాయి, కాకపోతే పిల్లల సంఖ్య చిన్నది. నా లెక్క ఇది: మూడు నెలలు దాటిన నీరు, కొలిచిన బ్యాలెన్స్ లోపం, జలుబుతోపాటు హెచ్చుతగ్గులు, వేరే నరాల కారణం లేదని తేలడం. నాలుగూ ఉంటే పెట్టడమే మంచిది. వినికిడీ తగ్గి ఉంటే ఇక చర్చే లేదు. అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో మూడు నెలల దాకా కూడా ఆగనక్కర్లేదు.

ఆపరేషన్ చిన్నది: మత్తులో పది పదిహేను నిమిషాలు, కర్ణభేరి ముందు కింది భాగంలో చిన్న గాటు, నీరు లాగేయడం, సుమారు ఒక మి.మీ. రంధ్రం ఉన్న గొట్టం. ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో దానంతటదే ఊడి వస్తుంది. ఊడాక చిల్లి మూసుకోకపోవడం నూటికి ఒకరిద్దరిలో. నాలుగేళ్లు దాటినవాళ్లకి అడినాయిడ్ కూడా తీస్తే మళ్లీ గ్రోమెట్ అవసరం తగ్గుతుంది.

ఆపరేషన్ వద్దనుకుని ఆగేవాళ్లలో నాలుగేళ్లు దాటినవాళ్లకి ముక్కుతో ఊదే బెలూన్ ఉంది. ఒక ముక్కు రంధ్రం మూసి, రెండోదాంతో బత్తాయి పండంత ఊదాలి, రెండు వైపులా, రోజుకి మూడుసార్లు, ఒకటి నుంచి మూడు నెలలు. జలుబు ముదిరినప్పుడు, చెవి నొప్పి ఉన్నప్పుడు ఆపాలి.

---

ఆడియో_సికింద్రాబాద్

పెద్ద సెంటర్లకి పంపేవాళ్లకి ఒక ఉచ్చు చూపించాలి. "వెంప్ రాలేదు, శాక్యూల్ పాడైంది" అని రిపోర్టు పట్టుకుని వస్తారు. వెంప్ అంటే శబ్దం ఇచ్చి, లోపలి చెవిలోని శాక్యూల్ అనే బ్యాలెన్స్ సంచి స్పందనని మెడ కండరంలో కొలిచే పరీక్ష. గాలి ద్వారా శబ్దం ఇచ్చి చేసే వెంప్ మధ్య చెవిలో నీరుంటే రాదు. శబ్దమే లోపలికి చేరలేదు, శాక్యూల్ తప్పేముంది? ఎముక మీద కంపనంతో చేయించాలి, లేదా నీరు పోయాక మళ్లీ చేయాలి. చెవిలోకి వేడి, చల్లటి నీళ్లో గాలో పంపి కళ్ల కదలిక చూసే క్యాలరిక్ పరీక్షకీ అదే చిక్కు, మధ్య చెవిలోని నీరు వేడిని మోసే తీరు మారుస్తుంది. చిల్లి, గ్రోమెట్ ఉంటే నీళ్లతో అసలు చేయకూడదు. తల విదిలించి కళ్ల కదలిక కొలిచే వీహెచ్‌ఐటీకి మాత్రం మధ్య చెవితో పనిలేదు. కళ్లద్దాలు ముఖానికి బిగుతుగా పట్టేలా ఉంటే మూడేళ్ల పిల్లలకీ చేయొచ్చు. వదులుగా ఉంటే కళ్లద్దాల కదలికే కంటి కదలికగా నమోదవుతుంది.

---

పిల్లలడాక్టరు_గుంటూరు

దీనికే తోక. మెడ నిలవడం నాలుగు నెలలు దాటి, కూర్చోవడం తొమ్మిది దాటి, నడక పద్దెనిమిది దాటి, పైగా వినికిడి లోపం ఉన్న పిల్లల్ని గ్లూ ఇయర్ ఖాతాలో వేయకండి. నీరు అంతపని చేయదు. అక్కడ లోపలి చెవే పుట్టుకతో పనిచేయకపోవచ్చు: గర్భంలో సీఎంవీ (సైటోమెగాలో వైరస్) ఇన్ఫెక్షన్, లోపలి చెవి నిర్మాణ లోపం, జన్యు కారణాలు. మేనరికం ఉన్న కుటుంబాల్లో అషర్ సిండ్రోమ్ మొదటి రకం గుర్తుంచుకోవాలి. పుట్టుచెవుడు, ఆలస్యపు నడక, కొన్నేళ్లకి రేచీకటి. గ్రోమెట్ పెట్టి ఎదురుచూస్తే కాక్లియర్ ఇంప్లాంట్ సమయం దాటిపోతుంది.

నివారణ రెండు ముక్కల్లో: సీసాపాలు వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, తల ఎత్తుగా ఉండాలి. ఇంట్లో పొగ వద్దు, బీడీది గానీ కట్టెలపొయ్యిది గానీ. న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతా ఉచిత టీకాల పట్టికలో ఉంది: ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు. చెవి ఇన్ఫెక్షన్లన్నీ ఆగవు, కొన్ని తగ్గుతాయి.

---

తొక్కుడుబిళ్ల

నీరు పోయేదాకా, పోయాక కూడా చేయించాల్సినవి. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు, ఆటలా:

నేలమీద ఐదు సెంటీమీటర్ల వెడల్పు టేపు అంటించి దాని మీద నడక, ఆపైన చేతిలో గ్లాసుతో. స్పాంజి మీద నిలబడి బంతి పట్టడం, పైకీ పక్కలకీ వేస్తూ, తల కదిలేలా. గింజలు నేలమీదున్న గిన్నెలోంచి భుజం ఎత్తున్న బల్ల మీదికి ఒక్కొక్కటి మార్చడం. ఐదేళ్లు దాటితే గోడమీద బొమ్మని చూస్తూ తల కుడి ఎడమలకి ఊపడం, బొమ్మ మసకబారకుండా, ఇరవై సెకన్లతో మొదలు.

ఇవి వారం పది రోజుల్లో తేలికైపోతే వెంటనే కష్టం పెంచాలి. తేలికైన ఆటే నెలంతా ఆడిస్తే మెదడు ఏమీ నేర్చుకోదు. ముఖం పాలిపోవడం, చెమట, ఆవలింతలు వస్తే ఆరోజుకి చాలు. ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంగా ఉన్న రోజుల్లో అస్సలు వద్దు.

ఇంకో జాగ్రత్త: ఈ పిల్లలు నీళ్ల అడుగున కళ్లు మూసుకుంటే పైదేదో కిందదేదో తెలియక తడబడొచ్చు. ఈతకి పంపితే చేతికందే దూరంలో పెద్దవాళ్లుండాలి.

---

అంగన్‌వాడీ_సూపర్‌వైజర్

ఆఖరి ప్రశ్న. గ్రోమెట్ పెట్టాక తలస్నానం, చెరువులో ఈత సంగతేంటి? ఒక్కో డాక్టరు ఒక్కోలా చెబుతున్నారు.

---

చెవిగూడు

మామూలు స్నానానికి అడ్డు లేదు. సబ్బునీళ్లు గొట్టంలోంచి తేలిగ్గా జారతాయి కాబట్టి తలంటప్పుడు వ్యాజిలిన్ రాసిన దూది చెవి మొదట్లో పెట్టండి. శుభ్రమైన కొలనులో పైపైన ఈతకి ప్లగ్గులు తప్పనిసరి కాదు. చెరువు, కాలువ, లోతుకి దూకడం మాత్రం వద్దు.

గొట్టంలోంచి చీము కారితే యాంటీబయాటిక్ సిరప్పు కాదు, ముందు సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలే. వారంలో ఆగకపోతే చూపించాలి. తగ్గిన తూలుడు మళ్లీ మొదలైతే గొట్టం గులిమితోనో, ఎండిన రక్తంతోనో మూసుకుందేమో చూడాలి. టింపనోమెట్రీలో చదును గీతతో ఘనపరిమాణం ఒక మి.లీ. పైనుంటే తెరిచే ఉంది, కారణం వేరేచోట వెతకాలి. తగ్గిపోయి ఉంటే మూసుకుంది, లేదా ఊడిపోయి నీరు మళ్లీ చేరింది. గొట్టం ఉన్నంతకాలం నాలుగైదు నెలలకోసారి, ఊడాక ఒకసారి ఈ కొలత తీయించి, ఒంటికాలి సెకన్లు కూడా అదే కాగితం మీద పక్కనే రాయించండి.